కుళాయి ఉత్తరాలు

కొడుక్కి ఉత్తరం రాయడం నేర్పకుండా పెళ్ళి చేసేసిన అత్తగారిని ముందు నిలదీయాలి అనుకుంది ఆమె, క్రిస్మస్ పొద్దున మిషన్ ఆసుపత్రి దుప్పట్ల గదిలో ఇరవయ్యో దుప్పటి మడతపెడుతూ. ఆవిడ ఎప్పుడో చనిపోయి బతికిపోయింది.

పండగని రోగుల దుప్పట్లు మాయకుండా ఉండవు కదా. అంచుకి అంచు కలపడం, గడ్డం కింద నొక్కిపట్టడం, చేతులు బారచాపి మడవడం. చిరుగు కనిపిస్తే పక్కన పడేసి మధ్యాహ్నం కుట్టడం. ఏడాది సేవకని వచ్చి ఎనిమిది నెలలయింది. యాభై నాలుగేళ్ళ వయసులో, పిల్లల్లేని ఇంట్లో మొగుణ్ణి ఒక్కణ్ణీ వదిలి, దేవుడి పని అంటూ వచ్చేసింది. వెళ్ళొద్దని ఆయన అనలేదు. వెళ్ళమనీ అనలేదు. ఏమీ అనకపోవడమే ఆయనతో ఉన్న చిక్కు.

మిషన్ భోజనాల గదిలో ఒక ఆనవాయితీ ఉంది. ఇంటినుంచి ఉత్తరం వచ్చినవాళ్ళు శనివారం మధ్యాహ్నం దాన్ని అందరికీ చదివి వినిపించాలి. ఉత్తరాలు రానివాళ్ళకి కూడా కాస్త ఇంటిగాలి తగులుతుందని. నర్సుకి భర్త రాసే ఉత్తరం నాలుగు పేజీలుంటుంది, బైబిలు వచనాలుంటాయి, చివర్లో కన్నీళ్ళు కూడా ఉంటాయి. తన వంతు మొదటిసారి వచ్చిన రోజు ఆమె చేతిలో ఉన్నవి మూడే ముక్కలు. "కుళాయి కారుతోంది. నేను బాగున్నాను. నువ్వూ బాగున్నావనుకుంటాను."

ఆమెకి తల కొట్టేసినట్టయింది. ఎవరైనా నవ్వేలోగా తనే నవ్వేసి, ఆయనలాగే గొంతు సవరించుకుని, ఆయన గొంతుతో మళ్ళీ చదివింది. గదంతా గొల్లుమంది. అప్పటినుంచి వాటికి కుళాయి ఉత్తరాలని పేరు పడిపోయింది. ఆమె లేచి నిలబడితే చాలు, వంటాయన గరిటె చేతిలో ఉండగానే గుమ్మంలోకి వచ్చేసేవాడు.

ఆ క్రిస్మస్ రోజు శనివారం కాకపోయినా పండగ కాబట్టి పొద్దున ఫలహారాల దగ్గరే చదవమన్నారు. పదిహేడో ఉత్తరం. "కుళాయి ఇంకా కారుతోంది. కింద గిన్నె మార్చాను. స్టీలు గిన్నెలో చప్పుడు బాగా వినిపిస్తోంది. నేను బాగున్నాను."

"పండగపూట కూడానా అక్కా," అంటూ వంటాయన కళ్ళు తుడుచుకున్నాడు.

ఆ నవ్వు మొహం మీద ఉండగానే పాలగ్లాసు పట్టుకుని చివరిగదికి వెళ్ళింది. అక్కడుండే మనిషిని అందరూ పెద్దమ్మ అంటారు. నలభై ఏళ్ళు దుప్పట్ల గది నడిపి, రెండేళ్ళుగా మంచం పట్టింది. సూది నొక్కీ నొక్కీ కుడి బొటనవేలు ఓ పక్కకి ఒరిగిపోయింది. మనిషి కూడా మడిచిపెట్టిన దుప్పటంతే ఉంటుంది. తనకి రాసే దిక్కు లేదు, నీ మొగుడివే చదువుకుంటానని మూడు వారాల కిందట పదహారు ఉత్తరాలూ అడిగి తీసుకుంది.

"కొత్తది తే. ముందు ఈ కళ్ళద్దాల సంగతి చూడు, కాడ ఊడింది."

ఆమె కొంగుకి గుచ్చుకున్న సూదిలోంచి తెల్లదారం లాగి, కాడకి నాలుగు చుట్లు చుట్టి ముడేసింది. పెద్దమ్మ కళ్ళద్దాలు పెట్టుకుని నిదానంగా చదివింది. నవ్వలేదు.

"మీ ఆయన ఏం పని చేసేవాడే?"

"బస్సుల డిపోలో మెకానిక్కు. ముప్పై రెండేళ్ళు చేశారు."

"బస్సులు విప్పి బిగించినవాడికి కుళాయికి వాషరు వెయ్యడం రాదా?"

"బద్ధకం, పెద్దమ్మా."

"బద్ధకస్తుడు లేచెళ్ళి గిన్నె మారుస్తాడా? అదీ చప్పుడు ఎక్కువొచ్చే గిన్నె." పెద్దమ్మ కళ్ళద్దాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. "ఇంట్లో ఉన్నప్పుడు నీ నోరు ఆడుతూ ఉండేదా?"

"ఆగితే కదా."

"అదీ సంగతి. ఇల్లు మూగబోయిందే. ఆ మాట రాయడం చేతకాక కుళాయి గురించి రాస్తున్నాడు."

పాలమీద మీగడ కట్టింది. దాన్ని చెంచాతో తీసింది. తీసినదాన్ని ఎక్కడ పెట్టాలో తోచక చెంచా పట్టుకునే నిలబడింది. భోజనాల గది కళ్ళముందుకొచ్చింది. గరిటె పట్టుకున్న వంటాయన, నవ్వి నవ్వి పొట్ట పట్టుకున్న నర్సు, వాళ్ళ మధ్య ఆయన గొంతు పెట్టి చదువుతున్న తను. చెవులు వేడెక్కిపోయాయి.

"నాలుగింటికి ఫోను నీ వంతేగా," అంది పెద్దమ్మ, పాలు రెండు గుక్కలు తాగి. "అప్పుడొచ్చి ఉత్తరాలు పట్టుకుపో. నా చదువు అయిపోయింది."

సేవకి వచ్చినవాళ్ళకి పండగరోజు ఆఫీసు ఫోనులో తలా ఐదు నిమిషాలు ఇస్తారు. నాలుగవడానికి పది నిమిషాలుందనగా చివరిగదికి వెళ్ళేసరికి నర్సు కిటికీ తెర దించుతోంది. "నిద్రలోనే, అక్కా. పిలిస్తే పలకలేదు," అంది మెల్లగా. ఉత్తరాలు తేదీల వరసలో కట్టకట్టి ఉన్నాయి. వాటిమీద కళ్ళద్దాలు. పొద్దున తను మడిచిన ఇరవైలో ఒకటి తెచ్చి, మొహం దాకా తనే కప్పింది. తర్వాత కట్టా కళ్ళద్దాలూ పట్టుకుని ఆఫీసుకి నడిచింది.

"ఏమండీ, నేనే."

"ఊఁ. తిన్నావా?"

"తిన్నాను. మీ ఉత్తరాలు ఇక్కడ అందరికీ చదివి వినిపించానండీ."

"కుళాయివేనా? అందులో వినడానికేముంది?"

"నవ్వడానికి. మీ గొంతు పెట్టి మరీ చదివాను."

"నవ్వారా?"

"నవ్వారు. అందరికంటే ముందు నేనే నవ్వాను." చేతిలో ఉన్న కట్ట బల్లమీద పెట్టింది. "మీరు రాసిందేమిటో పదిహేడుసార్లు చదివీ తెలుసుకోలేకపోయాను. తప్పు నాదండీ. నాదే."

అటువైపు ఆయన గొంతు సవరించుకున్నాడు. ఆమె వెక్కిరించినట్టు ఉండదది, చాలా చిన్నగా ఉంటుంది. ఆ తర్వాత స్టీలు గిన్నెలో చుక్క పడింది. ఇంకోటి పడింది. ఇద్దరూ వింటున్నారు. బల్లమీద ఉత్తరాల కట్టపైన పెద్దమ్మ కళ్ళద్దాలున్నాయి, కాడకి పొద్దున వేసిన తెల్లదారం ముడి ఇంకా కొత్తగానే ఉంది.