పదో ప్లేటు

మా అపార్ట్‌మెంట్ వెనక పది మళ్ళ నేల ఉంది. దాన్ని కాపాడుకోవడానికి నేను పెట్టిందే ఈ స్నేహపూర్వక కూరగాయల పోటీ. స్నేహం ఎంతగా పొంగిపొర్లిందంటే, హాల్లోకి వచ్చిన ప్రతివాళ్ళూ ముందు పక్కవాళ్ళ ప్లేటు చూసి మూతి ముడిచి, ఆ తర్వాతే నాకు నమస్కారం పెట్టారు.

ఆ నేలలో సిమెంటు పోయించి కార్లు పెట్టించాలని మా ప్రెసిడెంటుగారికి మూడేళ్ళ కోరిక. ఆయనకే రెండు కార్లున్నాయి పాపం, ఎండకి కందిపోతున్నాయి. "పది ఇళ్ళవాళ్ళు పండించి చూపిస్తే నేల ఉంటుంది. లేదంటే సోమవారం సిమెంటే" అని మీటింగులో తేల్చేశారు.

సెక్రటరీని కదా, ఇల్లిల్లూ తిరిగి బతిమాలాను. విత్తనాలు చల్లుతూ ఫోటోలు దిగినవాళ్ళు మళ్ళీ అటు తొంగిచూడలేదని నాకు తెలుసు. అయినా అడిగే మొహం నాకెక్కడిది? నాకు కావలసింది పది ప్లేట్లు. రోజూ ఆ మట్టిలో చేతులు పెట్టి పెంచిన నా టమాటాలకి పక్కన ఇంకో తొమ్మిది.

పదకొండింటికి ప్లేట్లు తీసుకోవడం ఆపాలి. అయిదు నిమిషాల ముందు లెక్క పెడితే తొమ్మిదే ఉన్నాయి. సరిగ్గా అప్పుడే ప్రెసిడెంటుగారు వెండి పళ్ళెంలో నిగనిగలాడే వంకాయలతో దిగారు. టేబుల్ మీది బహుమతి కప్పు పొద్దున్నే ఆయన కంట్లో పడిందట. గెలిచేది ఏదైనా కనబడితే ఆయన చెయ్యి ఊరుకోదు. తన పళ్ళెమే పదోదని ఆయనకి తట్టలేదు. నేనూ గుర్తు చెయ్యలేదు.

న్యాయనిర్ణేతగా ఎవరిని పిలిచామనుకున్నారు? రోజూ మా గేటు ముందు కూరగాయల బండి నిలిపే బండి అక్కని. కూరగాయల గురించి ఆవిడకన్నా ఎవరికి తెలుసని కమిటీ అంతా ఏకగ్రీవంగా ఒప్పుకుంది. అంత తెలివైన కమిటీ మాది. ఆవిడ ప్లేట్లన్నీ ఒక చుట్టు చూసి నన్ను మూలకి లాగింది.

"అమ్మా, వంకాయ తొడిమల ముళ్ళు కత్తిరించేది నేనే, కొనేవాళ్ళకి గుచ్చుకోకుండా. సొరకాయ మీద గోటి గాటు నాదే. మీ తోటికోడలుగారి పాలకూరకైతే నేను కట్టిన ఎర్ర దారం కూడా విప్పలేదు. తొమ్మిది ప్లేట్లూ నా బండివే."

"ప్రెసిడెంటుగారివి కూడానా?"

"దూరం మార్కెట్‌కి వెళ్ళి తెమ్మన్నారట. డ్రైవరు గేటు దాకా వచ్చి కొనుక్కుని, నీడలో గంటసేపు కునుకు తీసి వెళ్ళాడు."

"మరి పదోది?"

"మీ టమాటాలు. అవి మాత్రం నావి కావమ్మా. అలాంటివి నా బండి మీద పెట్టను."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఇంతలో ప్రెసిడెంటుగారు ప్లేట్లు లెక్కపెట్టి, పది ఉండేసరికి మొహం మాడ్చుకుని మైకు అందుకున్నారు.

"సెక్రటరీగారు రాసిన రూలే చదువుతున్నాను. కొని తెచ్చినవి చెల్లవు. బండి అక్కా, ఇందులో కొన్నవేవో అందరి ముందూ చెప్పు."

హాలంతా ఒక్కసారిగా నేల చూపులు చూసింది. మా తోటికోడలు పాలకూర మీద చీరకొంగు కప్పింది. అయిపోయింది, సోమవారం సిమెంటు లారీ వస్తుంది అనుకున్నాను.

బండి అక్క వెండి పళ్ళెంలోంచి ఒక వంకాయ తీసి, తొడిమ మీద వేలు రాసి చూసింది.

"సార్, ఇవి మీ మడిలో పండినవేనా?"

"అనుమానమా?"

"అయ్యో, లేదు సార్. ఇవి ఈ నేలలో పండినవైతే మిగతావన్నీ కూడా ఈ నేలలో పండినవే. నాకు బాగా తెలుసు."

ఆయన వంకాయ తొడిమనీ ఆవిడ మొహాన్నీ మార్చి మార్చి చూశారు. తర్వాత తలుపు దగ్గర నిలబడ్డ డ్రైవరుని చూశారు. మైకు రెండుసార్లు సర్దుకున్నారు.

"నేనూ అదే అంటున్నాను. మన నేల గొప్పది" అన్నారు.

మొదటి బహుమతి వంకాయలకే వచ్చింది. నా టమాటాలకి పదో స్థానం. ఒళ్ళు మండిపోయింది. మూడు నెలలు పురుగులు ఏరి పెంచాను వాటిని. అయినా కప్పు నా చేత్తోనే ఇచ్చాను.

ఆయన దాన్ని చంకలో పెట్టుకుని, నా ప్లేటు కేసి జాలిగా చూశారు.

"దిగులుపడకమ్మా. టమాటాలు ఎలా పెంచాలో నేను నేర్పిస్తాను. తొందరేముంది, నేలెక్కడికీ పోదుగా."

"అలాగే సార్" అన్నాను. కళ్ళు తుడుచుకుంటుంటే ఓడిపోయినందుకనుకుని ఆయన నా భుజం తట్టారు.