గేటు ఇంటి గడప

పొద్దున పళ్ళు, సాయంత్రం రాళ్ళు. ఆయన రోజులు అలాగే గడిచేవి.

పగలంతా డెంటల్ ల్యాబులో కట్టుడు పళ్ళు చేసేవాడు. ఇంటికొచ్చి మొహం కడుక్కుని, అలాంటి పనిముట్లతోనే బుల్లి రాతి కట్టడాలు చేసేవాడు. డబ్బాలో అమ్మే ముక్కలు తెచ్చి అతికించే రకం కాదు. థర్మాకోల్ పలక మీద ప్లాస్టర్ పూసి, అది ఆరీ ఆరకముందే మైనం చెక్కే సూదితో ఒక్కో రాయీ గీసేవాడు. ఏ పన్నూ పైనుంచి కిందిదాకా ఒకే తెలుపులో ఉండదు, ఏ రాయీ ఒకే బూడిద రంగులో ఉండదు. అందుకని రాయి రాయికీ రంగు వేరేగా కలిపేవాడు. వీధిలో అందరూ ఆయన్ని పళ్ళాయన అనేవాళ్ళు. ఇన్ని రాళ్ళు చెక్కినా పేరు పళ్ళకే దక్కిందని ఆయనకి లోపల గుర్రుగా ఉండేది.

ఆయనకున్న చిక్కల్లా ఒకటే. కట్టడం ఏ లోపమూ లేకుండా పూర్తయిందంటే చాలు, బరువెక్కిపోయేది. అసలు కట్టడం ఎంత బరువో అదీ అంతే. ఇక కదిలేది కాదు. మొదటిసారి ధాన్యం గిడ్డంగి చేసినప్పుడు, ఆఖరి రాయికి నాచు రంగు అద్దగానే భోజనాల బల్ల కాళ్ళు విరిగి చతికిలబడింది. రెండోసారి జాగ్రత్తపడి వంతెన పక్క సత్రాన్ని నేల మీదే చేశాడు. చేసిందేమో తలుపు దగ్గర. అప్పట్నుంచి ఆ తలుపు సగమే తెరుచుకునేది. బరువెక్కాక రంగు గీకి చూశాడు. లాభం లేకపోయింది.

ఇంట్లోవాళ్ళు సర్దుకుపోయారు. అత్తగారు గిడ్డంగికి దిండు ఆనించి, నడుం వాల్చి పేపరు చదువుకునేది. భార్య డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పేది, ఇరుకు దారులు ఆమెకి కొత్తేమీ కాదు. "పూర్తిచేసే ముందు ఒక్కమాట చెప్పండి, బీరువా జరుపుకుంటాను" అనేది. ఎదురింటివాళ్ళు కూడా "మళ్ళీ ఒకటి పూర్తయిందా, పాపం" అంటూ దాని పక్కనుంచి ఒదిగి నడిచి వచ్చి కూర్చునేవాళ్ళు.

అసలు బాధ ఏటేటా జరిగే పోటీతో. ఊరి మధ్య పాత హాల్లో బుల్లి కట్టడాల ప్రదర్శన పెట్టేవాళ్ళు. అక్కడికి తీసుకెళ్ళాలంటే కట్టడం చేతికి లేవాలి. లేవాలంటే ఎక్కడో ఒకచోట కావాలని తప్పు వదలాలి. ఒక ఏడు కిటికీ పై రాయికి నీడ వెయ్యలేదు. ఇంకో ఏడు పొగగొట్టానికి మసి పట్టించలేదు. న్యాయనిర్ణేత ఒక పెద్దాయన, కాలేజీలో కట్టడాల గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యాడు. ఏటా తిన్నగా ఆ తప్పు దగ్గరికే వెళ్ళి వేలు పెట్టేవాడు.

ఈ ఏడు పళ్ళాయన రైలు గేటు కాపలావాళ్ళ రాతి ఇల్లు చేశాడు. గోడలో పగుళ్ళూ, చూరు కింద తడి మరకలూ అన్నీ కుదిరాయి. గుమ్మం ముందు రాతి గడప మాత్రం నిన్న మొన్న వేసినట్టు నున్నగా వదిలేశాడు. భార్య తమ స్కూలు కార్లో, 'నేర్చుకుంటున్నారు, దూరంగా ఉండండి' అన్న బోర్డుతో సహా, దింపి వెళ్ళింది.

హాలు తాళాలు తీసే ఆవిడ మెట్ల మీద ఊడుస్తోంది. అందరూ ఆమెని తాళాలమ్మ అనేవాళ్ళు. భర్త పోయాక ఆయన పని ఆమెకి ఇచ్చారు. హాలు వెనక గదిలోనే ఉండేది.

"ఇదే ఆఖరి ప్రదర్శన అన్నయ్యా" అంది. "హాలు పడగొట్టి, కింద నేల తవ్వి కార్లు పెట్టుకునే చోటు కడతారంట. నన్ను గది చూసుకోమన్నారు. ఎక్కడని చూసుకోను?"

"అయ్యో" అన్నాడు ఆయన. చేతిలో ఇల్లుంది, మనసంతా దాని మీదే ఉంది.

న్యాయనిర్ణేత వచ్చాడు. కళ్ళజోడు సర్దుకుని గేటు ఇంటి చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. వంగి గడప చూశాడు.

"మీ చెయ్యి మంచిదండీ" అన్నాడు. "కానీ ఏటా ఏదో ఒకచోట నిర్లక్ష్యం. ఇంతమంది తొక్కిన గడప అరగకుండా ఎలా ఉంటుంది?"

"నిర్లక్ష్యం కాదు సార్. అది కూడా అరగదీస్తే ఇక్కడిదాకా లేవదు. బరువెక్కిపోతుంది."

"ఆ బరువు సంగతి నాకు తెలుసు. అది మీరు చూసుకోవాలి. నా ముందుకి వచ్చినదానికే కదా నేను మార్కులు వేసేది."

"పోనీ ఇక్కడికొచ్చాక పూర్తిచెయ్యనివ్వండి."

"హాల్లో రంగులు వాడకూడదు. నిబంధన మీకు తెలియంది కాదు."

బహుమతి ఒక ప్లాస్టిక్ లైట్‌హౌసుకి వెళ్ళింది. డబ్బాలో వచ్చిన ముక్కలే. గెలిచినాయన దాన్ని చంకలో పెట్టుకుని, దారి పొడుగునా చేతులు కలుపుతూ చకచకా వెళ్ళిపోయాడు. చంకలో పెట్టుకుని. అది చూడగానే పళ్ళాయనకి ఒళ్ళు మండిపోయింది. నిర్లక్ష్యమట. ఆ గడపని నున్నగా వదలడానికి తను చేతులు కట్టేసుకున్నంత పని చేశాడని ఎవరికి తెలుసు?

హాలు ఖాళీ అయింది. బల్ల మీద ఎవరో తాగి వదిలేసిన పేపరు కప్పులో అడుగున కాస్త టీ ఉంది. ఆయన గోటితో గడప మధ్యలో, కాళ్ళు పడే చోట, మెల్లగా గీరాడు. టీలో వేలు ముంచి ఆ పల్లంలో అద్దాడు. ఉఫ్ అని ఊదాడు.

బల్ల పెళపెళలాడింది. నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకి పోయాయి. గేటు ఇల్లు నేల మీద నిటారుగా కూర్చుంది.

చప్పుడుకి తాళాలమ్మ చీపురుతోనే వచ్చింది. "పూర్తయిందా?" అంది.

"అయింది."

"హాలు నడిమధ్యలోనా. సర్లే, నేను చుట్టూ ఊడ్చుకుంటాను."

భార్య వచ్చేసరికి ఆయన విరిగిన బల్ల చెక్కల పక్కన చతికిలబడి ఉన్నాడు. ఆమె చీర కొంగు నడుముకి దోపుకుని, మోకాళ్ళ మీద వంగి చాలాసేపు చూసింది.

"గడప బాగా అరిగింది" అంది చివరికి.

ఆ మాట అన్న మనిషి ఆమె ఒక్కతే. ఆయన లేచి కారెక్కాడు. ఇన్నేళ్ళలో లోపం లేనిది ఒకటి హాలు చేరింది, చేరినరోజే హాలు మూతపడుతోంది. ఇంటికెళ్ళి సూదులన్నీ గుడ్డలో చుట్టి అటక మీదికి విసిరేశాడు.

పడగొట్టేవాళ్ళు వచ్చారు. ముందు గునపాలతో, తర్వాత జాకీలతో, ఆఖరికి క్రేను తెచ్చి ప్రయత్నించారు. గొలుసు తెగింది గానీ ఇల్లు కదల్లేదు. మేస్త్రీ నేల తట్టి చూసి, "దీని కింద తవ్వితే చుట్టుపక్కల గోడలన్నీ గోతిలోకి వస్తాయండీ, నావల్ల కాదు" అని చేతులెత్తేశాడు. కట్టేవాళ్ళు ఇంకో స్థలం చూసుకున్నారు. హాలు యజమాని కొన్నాళ్ళు చిర్రుబుర్రులాడి, మళ్ళీ హాలు అద్దెకివ్వడం మొదలుపెట్టాడు. తాళాలమ్మని గది ఖాళీ చెయ్యమన్నవాళ్ళు లేరు.

ఇదంతా పళ్ళాయనకి ఎవరూ చెప్పలేదు. మరుసటి ఏడు ప్రదర్శన ప్రకటన చూసి, ఉండబట్టలేక గేటు ఇంటి సంగతి అడగడానికి న్యాయనిర్ణేతకి ఫోన్ చేశాడు.

"చూశానండీ, నేల మీద బోర్లా పడుకుని మరీ చూశాను" అన్నాడు పెద్దాయన. "ఒక్క తప్పు దొరకలేదు. కానీ అది పోయినేడు ఫలితాలు చెప్పాక పూర్తయింది. అప్పటి పోటీకీ చెందదు, ఇప్పటి పోటీకీ చెందదు."

పళ్ళాయన ఫోన్ పెట్టేసి పళ్ళు నూరుకున్నాడు.

ఆ వారంలోనే తాళాలమ్మ ల్యాబుకొచ్చింది. పళ్ళ కోసం కాబోలనుకుని కుర్చీ చూపించాడు. ఆమె కూర్చోలేదు. తన గది నిలిచిన సంగతంతా చెప్పి, కొంగుతో మొహం తుడుచుకుంది.

"మా చెల్లెలు రేవు దగ్గర పాత ఇళ్ళ వరసలో ఉంటుంది అన్నయ్యా. ఆ వరసంతా కొట్టేస్తామని వచ్చి గోడల మీద గీతలు గీసి పోయారు. దాని వాకిట్లో పెట్టడానికి ఒకటి కావాలి."

"ఎంతది?"

"చిన్నదైనా పర్లేదు. అక్కడే కూర్చుని చేద్దువు గాని, చాప వేస్తుంది" అంది. మొహమాటంగా, "తప్పు మాత్రం ఉండకూడదు" అంది.

ఆయన చేతిలో ఉన్న పళ్ళ సెట్టు బల్ల మీద పెట్టాడు. చేతికంటిన ప్లాస్టర్ దులుపుకుని, ఆ వాకిట్లో ఎండ ఎటునుంచి పడుతుందని అడిగాడు.