మెట్ల బల్బు

ఆ ఐటీఐ ప్రిన్సిపాల్ గదిలో ఒక నల్లబోర్డు ఉంది. పర్మినెంటు సిబ్బంది పేర్లు దాని మీద తెల్లరంగుతో రాసి ఉంటాయి. అన్నిటికన్నా కింద, సుద్దముక్కతో రాచమ్మ పేరు. జూన్‌లో రాస్తారు, మార్చిలో తుడుస్తారు. పదకొండేళ్లుగా ఇదే వరస. తుడిచీ తుడిచీ ఆ చోట బోర్డు నున్నబడిపోయి సుద్ద కూడా సరిగా అంటడం లేదు.

రాచమ్మది బీదర్ దగ్గరి నిర్ణా అనే ఊరు. తండ్రి కాలిపోయిన బోరు మోటార్లకు తీగ చుట్టేవాడు. ఆ తీగల మధ్యే పెరిగి, అదే ఐటీఐలో చదివి, అక్కడే ఎలక్ట్రీషియన్ పాఠాలకు అతిథి అధ్యాపకురాలిగా చేరింది.

"పదకొండేండ్ల సంది అతిథివి. మా మేనమామ సుత గిన్ని దినాలు మనింట్ల ఉండలే" అని మొగుడు పీరప్ప ఆటపట్టిస్తాడు. రాచమ్మకు మాటలు తక్కువ. ఉన్నవన్నీ పాఠానికే సరిపోతాయి.

ఈ అక్టోబరులో ఆ ఉద్యోగాన్ని పర్మినెంటు చేస్తూ పైనుంచి ఉత్తర్వు దిగింది. డెమో పాఠం పెట్టి ఒకరిని ఎంపిక చేయాలి. తనను తీసుకుంటే సుద్ద పేరు రంగు పేరవుతుంది. ఇంకొకరిని తీసుకుంటే సుద్ద కూడా మిగలదు. ఇంటి మనిషి వచ్చాక అతిథితో పనేముంది?

ఆ రోజు పొద్దున మొదటి బస్సుకే ఆమె వచ్చింది. చంకలో ఒక చెక్క. దాని మీద కింద ఒక స్విచ్చి, పైన ఒక స్విచ్చి, నడుమ ఒక బల్బు. మెట్ల దగ్గర పెట్టే బల్బు పాఠం అది. కింద వేసి పైన ఆర్పాలి, పైన వేసి కింద ఆర్పాలి.

కాలేజీలో విద్యార్థులు లేరు. సోయా కోతలు పడ్డాయి. ఊళ్లకు ఊళ్లే చేలల్లో ఉన్నాయి. ప్రిన్సిపాల్ భీమ్‌రావ్ ఉత్తర్వును వెలుతురుకు పెట్టి రెండుసార్లు చదివాడు.

"విద్యార్థుల ఎదుట పాఠం చెప్పాలె అని రాసిండ్రు. సగం మార్కులు విద్యార్థులే ఎయ్యాలె. విద్యార్థులేమో లేరు. మరి అభ్యర్థులే విద్యార్థులు. ఒకరు చెప్తుంటే ఇద్దరు వినుండ్రి."

వచ్చిన అభ్యర్థులు మొత్తం ముగ్గురు. రాచమ్మ కాక, ఔరాద్ నుంచి సంగమేష్ అని ఇరవయ్యారేళ్ల డిప్లొమా పిలగాడు. బీదర్ నుంచి జెస్సికా అని ఇంజనీరింగ్ చదివిన అమ్మాయి.

"సార్, మేం పోటీకొచ్చినోళ్లం. ఒకరికొకరం మార్కులెట్ల ఏసుకుంటం?" అంది జెస్సికా.

"ఇమానంగ, నిజాయితీగ ఏసుకోవాలె" అన్నాడు భీమ్‌రావ్. అక్కడికి ఆ సమస్య తీరిపోయినట్టే కుర్చీలో వెనక్కి వాలాడు.

ఆయన పక్కన సాంకేతిక నిపుణుడు కూర్చున్నాడు. పేరు ఖండప్ప. రావలసిన కరెంటు నిపుణుడు రాలేదు. ఖండప్పది కోళ్ల పెంపకం శాఖ. గుడ్లు పొదిగించే గదుల్లో బల్బులుంటాయి కనుక కరెంటుకు ఆయనే దగ్గరి మనిషి అని భీమ్‌రావ్ పిలిపించాడు.

మొదట జెస్సికా ట్రాన్స్‌ఫార్మర్ గురించి చెప్పింది. గోడ మీద బొమ్మ చూపించే మిషన్ పనిచేయలేదు. లాప్‌టాప్‌ను రెండు చేతులా ఎత్తి, అమ్మవారి పటం చూపినట్టు బెంచీ ఈ చివర నుంచి ఆ చివర దాకా తిప్పి చూపింది. అందులో ఒక సంగతి రాచమ్మకు అంతకుముందు తెలియదు. పాఠం అయ్యాక విద్యార్థుల ఫారం ఇచ్చారు. "పాఠం అర్థమైందా? పదికి ఎన్ని?" రాచమ్మ ఎనిమిది వేసింది. సంగమేష్ చెయ్యి అడ్డం పెట్టుకుని సున్నా చుట్టాడు. చెయ్యి అడ్డం ఉన్నా సున్నా చుట్టే భుజం తెలుస్తుంది.

తర్వాత సంగమేష్ లేచాడు. బోర్డు మీద బ్యాటరీ గీశాడు, తీగ గీశాడు. కరెంటు కొలిచే మీటరును తీగ దారిలో పెట్టాల్సింది పోయి బ్యాటరీకి అడ్డంగా పెట్టాడు. నిజంగా అట్లా కలిపితే మీటరు మాడిపోతుంది. రాచమ్మ వేళ్లు దురద పెట్టాయి. ఊరుకుందామని కొంగు ముడి విప్పింది, మళ్లీ వేసింది. చివరికి లేచి వెళ్లి, సుద్దముక్క అందుకుని, మీటరును చెరిపి సరైన చోట గీసి, వచ్చి కూర్చుంది.

"ఇప్పుడు చెప్పు తమ్మీ."

"ఇది మంచిగుంది అక్కా" అని అతను పాఠం సాగించాడు. ఆమె ఆరు వేసింది. జెస్సికా సున్నా వేసింది.

రాచమ్మ వంతు వచ్చింది. బల్లమీద చెక్క పెట్టింది. తీగలు చూపింది. "పనిజేసే ముంగట ప్లగ్గు పీకాలె. ఎర్రది మొదటి స్విచ్చి నడుమకు. రెండు స్విచ్చిల మధ్యల రెండు తీగలు. రెండో స్విచ్చి నడుమకెల్లి బల్బుకు. నల్లది సీదా బల్బుకే, స్విచ్చిల జోలికి పోవద్దు." అంతే. తీగలన్నీ విప్పేసి చెక్కను బెంచీ వైపు జరిపింది. "జెయ్యుండ్రి. చెయ్యి పెట్టకుంటే కరెంటు రాదు."

"నాకు సమజ్ కాలే మేడం" అని జెస్సికా చేతులు కట్టుకుంది.

"నాక్కూడ సమజ్ కాలే" అన్నాడు సంగమేష్. అంటూనే స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. నోరు ఒక దారిన పోతుంటే చేతులు ఇంకో దారిన పోయాయి. ఎర్రది పెట్టాడు. నడుమ రెండు తీగలు పెట్టాడు. రెండో స్విచ్చి నుంచి బల్బుకు ఒకటి లాగాడు. నల్లది సీదా బల్బుకు ఇచ్చాడు. ప్లగ్గు పెట్టి స్విచ్చి వేశాడు. బల్బు వెలిగింది. పైన ఆర్పాడు, కింద వేశాడు. కింద ఆర్పాడు, పైన వేశాడు. ముఖం జాతరలో రంగులరాట్నం ఎక్కిన పిల్లాడి ముఖమైంది. అంతలో తానెందుకు వచ్చాడో గుర్తొచ్చి, ముఖం సర్దుకుని, ఫారం మీద సున్నా చుట్టాడు.

ఖండప్ప ఫారం చూశాడు. వెలుగుతున్న బల్బునూ చూశాడు.

"సమజ్ కాలేదంటివి. మరి బల్బెట్ల వెలిగె?"

సంగమేష్ చెమట తుడుచుకున్నాడు. "ఎట్లనో వెలిగింది సార్."

రాచమ్మ అతని వైపు చూసింది. అతను బల్బు వైపు చూశాడు.

"చూసినవా భీమ్‌రావ్!" ఖండప్ప బల్ల చరిచాడు. "మా తాన పదివేల కోడిపిల్లలున్నయి. ఒక్కదానికి తల్లి లేదు. బల్బు కింద ఇడిస్తే, చెప్పేటోళ్లు లేకుండనే గింజలేరుకుంటయి. గీ పిలగాడు గసంటోడే. చెప్పింది సమజ్ కాకుండనే నేర్చిండు! సమజైనంక నేర్చుడు ఎవడన్న నేరుస్తడు."

"ఆయ్తు, ఆయ్తు" అని భీమ్‌రావ్ కన్నడంలో తలూపాడు. "అయినా ఒకపారి సూద్దం. సంగమేష్, తీగలిప్పి మల్ల వెలిగియ్యి. వెలిగితే పోస్టు నీదే. వెలగకుంటే, మొదట వెలిగిచ్చింది రాచమ్మ పాఠమే అన్నట్టు. పోస్టు ఆమెకే."

సంగమేష్ తీగలు విప్పాడు. ఈసారి చేతులకు ఏం చేస్తున్నాయో తెలిసిపోయింది, అందుకే దారి తప్పాయి. ఎర్రది పట్టుకుని ఆగాడు. నల్లది పట్టుకుని ఆగాడు. నల్లదాన్ని తీసుకెళ్లి ఎర్రది ఉన్న స్విచ్చికే బిగించాడు. అది కనుక వేస్తే ఫట్‌మని పేలుతుంది. రాచమ్మ పెదాలు బిగించింది. చిన్న ఫట్. అంతే కావలసింది. దాని తర్వాత తెల్లరంగు.

అతను ప్లగ్గు పెట్టాడు. పెట్టాక ఒక తీగ ఊగుతున్నట్టనిపించి, ప్లగ్గు అట్లాగే ఉండగా, ఊడిన రాగికొసను వేలితో నొక్కబోయాడు.

"ప్లగ్గు పీక్‌రా, గాడ్దీ!"

గదిలో అందరూ ఉలిక్కిపడ్డారు. సంగమేష్ ప్లగ్గు లాగేశాడు. తెరుచుకున్న రాచమ్మ నోరు ఇక మూతపడలేదు. పదకొండేళ్లుగా అట్లా తెరుచుకోవడమే దానికి అలవాటు.

"నల్లదాన్ని స్విచ్చికి పెడ్తవా? సంపుకుంటవా? బల్బుకియ్యి. ఆఁ. గా నడుమ తీగ జర బిగియ్యి. ఇంక. ఇంక బిగియ్యి. ఇప్పుడు పెట్టు ప్లగ్గు."

బల్బు వెలిగింది.

"ఆమె చెప్పింది గదా సార్!" అంది జెస్సికా.

"పెట్ట ఎంత అరిస్తేంది?" అన్నాడు ఖండప్ప. "గింజ ఏరింది పిల్లనే గదా."

సాయంత్రానికి కాగితం బయటికి వచ్చింది. భీమ్‌రావ్ చదివి వినిపించాడు. రాచమ్మ: విద్యార్థిని ఒంటరిగా నేర్చుకోనివ్వదు, అడ్డం వస్తుంది. జెస్సికా: చెయ్యి పెట్టలేదు. సంగమేష్: ఎంపిక. అయితే సంగమేష్‌కు అనుభవం లేదు కనుక, అతన్ని తీర్చిదిద్దడానికి రాచమ్మ అతిథిగా కొనసాగాలి. ఎప్పటిదాకా? రెండు నెలలకోసారి సంగమేష్ విద్యార్థి ఫారం నింపి, పాఠం అర్థమైందని రాసేదాకా.

"అంటే, నా పోస్టుల కూసునేటోనికి నేనే నేర్పాలె" అంది రాచమ్మ. "వాడు నేర్చిననాడు నేను పోవాలె."

"మంచిగ నేర్పుతవని రాసినం రాచమ్మా" అని భీమ్‌రావ్ సముదాయించాడు. "కావాల్నంటే సూడు."

కోతలు అయిపోయి విద్యార్థులు వచ్చారు. సంగమేష్ మొదటి బెంచీలో, వాళ్ల ముందు కూర్చున్నాడు. ప్రిన్సిపాల్ గదిలో అతని పేరు తెల్లరంగుతో ఎక్కింది. రాచమ్మ హాజరు పిలిచేటప్పుడు మొదట అతన్నే పిలుస్తుంది. "ఉన్న అక్కా" అని లేచి నిలబడతాడు, ఉద్యోగంలో ఉన్నవాడు.

ఆమెకు నెమ్మదిగా చెప్పడం చేతకాదు. సగం సగం చెప్పడం అసలే చేతకాదు. నెల తిరిగేసరికి సంగమేష్ కళ్లు మూసుకుని మెట్ల బల్బు వెలిగిస్తున్నాడు. రెండో నెలలో కాలిన మోటారు విప్పి తీగ చుట్టాడు. ఇక తన సంగతి అయిపోయిందని రాచమ్మకు తెలిసిపోయింది. టిఫిను డబ్బా, తండ్రి ఇచ్చిన, తీగలు కత్తిరించే పాత పకారు సంచిలో వేసుకునే పోయింది ఫారాల రోజున.

సంగమేష్ ఫారం మీద సున్నా ఉంది. "పాఠం సమజ్ కాలే."

"ఏందిరా ఇది?" ఆమెకు ఒళ్లు మండింది. "మోటారు చుట్టినవ్! మల్ల సున్నానా? అప్పుడొక సున్నా, ఇప్పుడొక సున్నా!"

సంగమేష్ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "అక్కా, నేను పది ఏసిననుకో, నిన్ను బోర్డు మీద తుడుస్తరు."

రాచమ్మ పకారు సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది.

మార్చి వచ్చింది. సుద్ద పేరు అట్లాగే ఉంది. తుడవాలంటే సంగమేష్‌కు సమజ్ కావాలి. మే నెలలో ఖండప్ప పరీక్షించడానికి వస్తున్నాడని తెలిసి, సంగమేష్ చెక్క ముందు వేసుకుని నల్లతీగను తీసుకెళ్లి బుద్ధిగా స్విచ్చికి బిగించాడు.

"ఎన్ని దినాలురా గిట్ల?" అంది రాచమ్మ.

"నాకు ఇరవయ్యారు, నీకు ముప్పై ఎనిమిది. నువ్వు రిటైరైన తెల్లారి నాకు సమజైతది అక్కా."

బయట జీపు ఆగిన చప్పుడు. ఖండప్ప గొంతు, భీమ్‌రావ్ గొంతు వరండాలోకి వచ్చాయి. రాచమ్మ కొంగు ముడి విప్పింది, మళ్లీ వేసింది. స్విచ్చి వైపు చూడకుండా కిటికీ వైపు చూసింది. ఎంతసేపని చూస్తుంది? గబగబా వచ్చి అతని చేతిలోంచి స్క్రూడ్రైవర్ లాక్కుంది.

"సమజ్ కాకుంటే కాకపాయెరా, తీగ మాత్రం సరిగ పెట్టు!"