బీరువాలో పిల్ల

ఆ నాటక కళాశాలలో ఏటా చివరి సంవత్సరం విద్యార్థులు నాలుగు నాటకాలు వేస్తారు. ఊళ్ళో జనం టిక్కెట్లు కొనుక్కుని వస్తారు, పత్రికల వాళ్ళు రాస్తారు. చదువయ్యాక ఎవరికి పని దొరుకుతుందో, ఎవరు గోళ్ళు గిల్లుకుంటూ కూర్చుంటారో ఆ నాలుగు నాటకాల్లోనే తేలిపోతుంది. ఆ ఏడాది మొదటి నాటకంలో ఆమెకు పనిమనిషి వేషం పడింది. టీ కప్పులున్న ట్రే పట్టుకుని ఒక పక్క నుంచి వచ్చి ఇంకో పక్కకు వెళ్ళిపోవాలి. రెండోది రాజుల కాలం నాటి కథ. అందులోనూ పళ్ళెం పట్టుకుని సింహాసనం పక్కన నిలబడటమే. తోటివాళ్ళు ఆమెకు ‘ట్రే’ అని పేరు పెట్టేశారు. మొదట్లో ఆమె కూడా వాళ్ళతో కలిసి నవ్వింది. తరవాత నవ్వడం మానేసింది.

వేషాలు పంచేది అక్కడి ప్రధానాచార్యుడు. పిల్లలు ఎదురుగా సార్ అనేవారు, వెనకాల ‘మహానుభావుడు’ అనేవారు. ఆయన నోట్లో ఎప్పుడూ ఒక దగ్గుబిళ్ళ నానుతూ ఉంటుంది. మాట్లాడాల్సి వస్తే దాన్ని తీసి ఎదురుగా ఉన్న నాటకం ప్రతి మీద పెట్టేవాడు. మాటలయ్యాక మళ్ళీ నోట్లో వేసుకునేవాడు. ఆయన చేతిలో నుంచి వచ్చిన ప్రతి కాగితం మీదా గుండ్రటి జిగట మరక ఉండేది. ఆమె ఆ మరక తగలకుండా కాగితాన్ని చివర పట్టుకోవడం నేర్చుకుంది.

రిహార్సల్ గది భవనానికి అడుగున ఉండేది. కిటికీల్లేవు. ఏళ్ళ తరబడి చెమట పీల్చిన చాపలు, ఉతకని దుస్తులు, తడి గోడలు అన్నీ కలిసి ఒక వాసన. అక్కడే ఆయన తన ‘తవ్వకం’ జరిపించేవాడు. పిల్లలంతా గుండ్రంగా కూర్చోవాలి. ఒక్కొక్కరు మధ్యలోకి వచ్చి తమ బతుకులో జరిగిన అన్నిటికన్నా చెడ్డ సంగతి చెప్పాలి. బాగా ఏడ్చినవాళ్ళకు మంచి వేషాలు. ఈ సంగతి అందరికీ తెలిసిపోవడంతో వరండాలో బేరసారాల్లాంటి మాటలు నడిచేవి. “మా తాతయ్య పోయిన సంగతి నేను మొన్నే వాడేశాను, ఇప్పుడేం చెప్పను?” అని ఒకడు, “నీకేంటే, మీ అమ్మానాన్నా విడిపోయారు, అదృష్టవంతురాలివి” అని ఇంకొకతె. బొంగురు గొంతు వల్ల ‘గొంతు’ అని పేరు పడ్డ కుర్రాడు చచ్చిపోయిన కుక్క గురించి మూడుసార్లు ఏడ్చి మూడుసార్లూ మంచి వేషం కొట్టేశాడు. అలాంటివి విన్నప్పుడల్లా ఆమెకు అక్కడినుంచి పారిపోవాలనిపించేది. కానీ లేచి వెళ్ళిపోలేదు.

ఆమె వంతు వచ్చింది.

“ఇంట్లో నిన్నెవరు కొట్టేవారు?” అన్నాడు మహానుభావుడు.

“అమ్మ, సార్. అల్లరి చేస్తే వీపు మీద ఒకటి వేసేది.”

“నాన్న?”

“నాన్న ఎప్పుడూ కొట్టలేదు సార్. స్కూలు బస్సు నడుపుతాడు. చిన్నప్పుడు సెలవుల్లో నన్ను డిపోకి తీసుకెళ్ళి డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి...”

ఆయన బిళ్ళ తీసి కాగితం మీద పెట్టాడు. “చాలు. పిల్లల పాలపొడి ప్రకటనలకి వెళ్ళు, నీకు అక్కడ పని దొరుకుతుంది. లోపల చీకటి లేని మనిషి ట్రేలు మోయడానికే పనికొస్తుంది.”

గదంతా గొల్లుమంది. ఆమెకు తల కొట్టేసినట్టయింది.

మళ్ళీ వంతు వచ్చేసరికి ఆమె ఒక కథ అల్లుకుని వెళ్ళింది. ఇంట్లో పాత చెక్క బీరువా ఒకటి ఉంది. నాన్న డ్యూటీ దిగి వచ్చేసరికి చదువు పూర్తికాకపోతే తనను అందులోకి తోసి తాళం వేసేవాడని చెప్పింది. బయట పీట వేసుకుని తాపీగా అన్నం తినేవాడనీ, లోపల చీకట్లో తనకు కంచం మీద వేళ్ళ చప్పుడు వినిపించేదనీ చెప్పింది. ఆ కంచం చప్పుడు సంగతి చెప్పేసరికి గదిలో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. చెబుతూ చెబుతూ ఆమె నిజంగానే ఏడ్చింది. అబద్ధానికి అన్ని కన్నీళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో ఆమెకే అర్థం కాలేదు.

మహానుభావుడు లేచి వచ్చి తడి వేళ్ళు ఆమె నెత్తిన పెట్టాడు. “ఇన్నాళ్ళూ దీన్ని ఎక్కడ దాచావు?” అన్నాడు, పరవశంగా.

ఈ ఒక్క అబద్ధంతో ఒక మోస్తరు వేషం వస్తే చాలనుకుంది. ఆయన మూడో నాటకమే మార్చేశాడు. ‘బీరువాలో పిల్ల’ అని కొత్త నాటకం, పిల్ల వేషం ఆమెదే, తండ్రి వేషం గొంతుది. అప్పుడైనా నిజం చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు. పైగా, “మీ నాన్న ఎలా నడుస్తాడు? ఎలా పిలుస్తాడు?” అని గొంతు అడిగితే అన్నీ పూసగుచ్చినట్టు చెప్పింది. మాట మొదలుపెట్టే ముందు రెండుసార్లు గొంతు సవరించుకుంటాడని, తాళాల గుత్తి వేలికి తగిలించి తిప్పుతాడని, ‘అమ్మలూ’ అని పిలుస్తాడని. గొంతు రెండు రోజుల్లో అవన్నీ పట్టేశాడు.

నాటకం విపరీతంగా ఆడింది. ఆడవాళ్ళు హాల్లో వెక్కి వెక్కి ఏడ్చేవారు. ఆట అవగానే తెర వెనక్కి వచ్చి, ముక్కు చీదిన చేతులతోనే ఆమెను కావలించుకునేవారు. పన్నెండుమంది ముఖాలకు వాడిన ఒకే స్పాంజితో పులుముకున్న రంగు, ఆ ఆడవాళ్ళ కన్నీళ్ళు, చెమట అన్నీ కలిసి మెడ మీద జారుతుంటే ఆమెకు ఒళ్ళు జలదరించేది. అయినా నవ్వుతూ నిలబడేది. గోడల మీద పోస్టర్లు వేశారు. బీరువా తలుపు సందులోంచి ఆమె ముఖం, కింద ‘నిజంగా జరిగిన కథ’ అని పెద్ద అక్షరాలు. ఇంట్లో మాత్రం, “ఇందులో నాది చిన్న వేషమే, నాలుగోదానికి వద్దురుగాని” అని చెప్పింది.

తండ్రి రోజూ బస్సు నడిపే దారిలోనే ఆ పోస్టరున్న గోడ ఒకటి ఉంది.

ఆదివారం మధ్యాహ్నం ఆట అయిపోయాక ఆమె క్రీముతో ముఖం మీది రంగు తుడుచుకుని వెనక తలుపు తీసి బయటికి వచ్చేసరికి తండ్రి అక్కడ నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిలో నలిగిపోయిన టిక్కెట్టు ముక్క.

“బాగా చేశావమ్మలూ” అన్నాడు.

ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. అక్కడ బెంచీ మీద కూర్చున్నాక ఆయన చొక్కా బొత్తం తిప్పుకుంటూ మొదలుపెట్టాడు.

“నా పక్కన ఒకావిడ కూర్చుంది. ‘వీడసలు మనిషేనా’ అంది. నేను కూడా కాదనే అన్నాను.” చేతిలో టిక్కెట్టు ముక్కను మడిచాడు. “నాకు గుర్తు లేదు తల్లీ. ఎంత ఆలోచించినా గుర్తు రావట్లేదు. ఆ రోజుల్లో రెండు డ్యూటీలు చేసేవాణ్ణి, నిద్ర ఉండేది కాదు, ఇంటికొచ్చి ఏం చేసేవాణ్ణో... నువ్వు బీరువాలో దొరికిన రోజు ఒకటి మాత్రం గుర్తుంది. నేనే పెట్టానేమో. చిన్నపిల్లవి, ఎంత భయపడ్డావో. తప్పయిపోయిందమ్మా.”

“నాన్నా!” ఆమె ఆయన చెయ్యి పట్టేసుకుంది. “అదంతా అబద్ధం. దాగుడుమూతలాడుతూ నేనే దూరాను, లోపలే నిద్రపోయాను. నువ్వు ఇల్లంతా వెతికి నన్ను బయటికి తీశావు. వేషం కోసం కల్పించి చెప్పాను నాన్నా. నువ్వేం చెయ్యలేదు.”

ఆయన ఆమె ముఖంలోకి చూశాడు. ఆ చూపులో కోపం ఉండి ఉంటే ఆమెకు కొంచెం ఊపిరాడేది.

“ఇప్పుడు నా మొహం చూసి జాలేసి అంటున్నావు. అక్కడ లోపల నువ్వు ఏడిచిన ఏడుపు నేను చూశాను కదా. అది కల్పించిందంటే ఎట్లా నమ్మను?”

బస్సు వచ్చింది. ఇల్లు చేరేదాకా ఆయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు. తన మీద తనకే పుట్టిన రోతకు ఆమెకు ఒంటి మీద చర్మం వలిచేసుకోవాలనిపించింది.

మర్నాడు పొద్దున్నే వెళ్ళి మహానుభావుడికి జరిగిందంతా చెప్పింది. కథ అబద్ధమని, ప్రదర్శనలు ఆపెయ్యమని, కనీసం పోస్టరు మీద ఆ మాటయినా చెరిపించమని బతిమాలింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు.

“అదీ! ఇప్పుడు గాయం తనని తాను మూసుకుంటోంది. జరగలేదని నీకు నువ్వు చెప్పుకుంటున్నావు. చాలా సహజం.”

“లేదు సార్. నిజంగానే జరగలేదు.”

“మీ నాన్న వచ్చి క్షమాపణ అడిగాడన్నావు కదా? చెయ్యనివాడు ఎందుకు అడుగుతాడు?” బిళ్ళ తీసి పోస్టరు ప్రతి మీద, సరిగ్గా ఆమె బొమ్మ బుగ్గ మీద పెట్టాడు. ముఖం వెలిగిపోయింది. “ఆ సీను పెడదాం! కూతురి నాటకం చూసి తండ్రి వెనక తలుపు దగ్గర నిలబడతాడు. చేతిలో నలిగిన టిక్కెట్టు. అబ్బ! ఆయన్ని ఇంకొక్కసారి తీసుకురాగలవా? ఎలా నిలబడతాడో గొంతు చూసుకోవాలి.”

ఆమె నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తి వరండా చివర కొళాయి దగ్గర కక్కేసింది. మళ్ళీ ఆ గదిలోకి వెళ్ళలేదు. సాయంత్రానికల్లా ఆ వేషం ఇంకో పిల్లకిచ్చేశారు. పోస్టర్లు అలాగే ఉన్నాయి. కొత్త సీను కూడా చేరింది.

ఇంట్లో తండ్రి తిండి తగ్గించేశాడు. ఒకరోజు ఆమె తల్లి వంటింట్లోంచి గరిటతో సహా వచ్చింది.

“ఏమైందే మీ ఇద్దరికీ? మీ నాన్న రాత్రి నన్ను అడుగుతున్నాడు, ‘పిల్లని నేనెప్పుడైనా హింస పెట్టానా’ అని. ఆ మనిషికి బొద్దింకని చంపాలన్నా నేనే కావాలి!”

ఆమె ఏడుస్తూ అంతా చెప్పింది. ముందుగా తల్లి ఆమె వీపు మీద గట్టిగా ఒకటి వేసింది. తరవాత చీర మార్చుకుంది.

“పద. ఎన్నింటికి ఆట?”

ఇద్దరూ రెండో వరసలో కూర్చున్నారు. గొంతు వేదిక మీదికి వచ్చి రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు, తాళాల గుత్తి తిప్పాడు. తల్లి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. ‘అమ్మలూ’ అంటూ వాడు పిల్లను బీరువాలోకి తోసేసరికి తల్లి లేచి నిలబడింది.

“ఆపండిరా! సిగ్గు లేదూ మీకు? ఆ మనిషి నా మొగుడు! పదిమంది పిల్లల్ని కళ్ళలో పెట్టుకుని బడికి చేర్చే మనిషి! ఇదంతా పచ్చి అబద్ధం!”

హాలంతా తల్లి వైపు తిరిగింది. ఆ తరవాత ఎక్కడో వెనక ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. పక్కవాళ్ళు అందుకున్నారు. క్షణంలో హాలు మోతెక్కిపోయింది. ముందు వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంటూ వెనక్కి తిరిగి, “ఎంత సహజంగా చేశారండీ, భర్త తప్పు ఒప్పుకోలేని భార్య!” అంది. కూతురు తల్లిని చెయ్యి పట్టుకుని బయటికి నడిపించింది.

మెట్ల దగ్గర మహానుభావుడు పరుగున వచ్చి కలిశాడు. “అద్భుతం అమ్మా! రేపు కూడా రాగలరా? అదే చోట లేచి నిలబడాలి, అంతే.”

తల్లి ఆయన్ని కింది నుంచి పైకి చూసింది. “నీ నోట్లో అదేంటి?” అంది.

“దగ్గుబిళ్ళ.”

“ముందు అది మింగి చావు” అని మెట్లు దిగిపోయింది.

ఆ రాత్రి భోజనాల దగ్గర తల్లి ఇదంతా చెబుతుంటే తండ్రి ముద్ద చేతిలో పట్టుకుని విన్నాడు.

“చప్పట్లు కొట్టారా?”

“కొట్టారు. సిగ్గులేని వెధవలు.”

“నీకా?”

“నాకే మరి!”

ఆయన నవ్వాడు. చాలా రోజుల తరవాత, భుజాలు కదిలేలా నవ్వాడు. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. తరవాత కూతురి వైపు తిరిగి, “నువ్వు చెప్పిందే నిజమయ్యుంటుందిలే” అన్నాడు. ఆ చివరి ‘లే’ దగ్గర ఆయన గొంతు కొద్దిగా సన్నబడింది. ఆ ‘లే’ని తను ఎప్పటికీ తీసెయ్యలేనని ఆమెకు అప్పుడే తెలిసింది. అయినా, “నిజమే నాన్నా” అంది. ఆ తరవాత కూడా చాలాసార్లు అంది.

నాలుగో నాటకానికి ముందు గొంతు వాళ్ళింటికి వచ్చాడు. గుమ్మంలో నిలబడి, “పెద్ద వేషం నీకే ఇస్తానన్నారు సార్, వచ్చెయ్యమన్నారు” అన్నాడు.

“రానని చెప్పు.”

“నీ ఇష్టం.” వాడు కదల్లేదు. ఆమె భుజం మీదుగా ఇంట్లోకి చూస్తున్నాడు. “మీ నాన్నగారున్నారా? ఒక్కసారి పలకరించి వెళ్తాను.”

ఆమె జవాబు చెప్పేలోపే తండ్రి లోపలినుంచి వచ్చాడు. “ఎవరమ్మా, నీ స్నేహితుడా? రా బాబూ, కూర్చో. మంచినీళ్ళు తాగుతావా?”

గొంతు కూర్చోలేదు. మెడ కొంచెం పక్కకు వాల్చి ఆయన్నే చూస్తున్నాడు. నీళ్ళు తేవడానికి ఆయన వెనక్కి తిరిగి వెళుతుంటే, వాడి ఎడమ భుజం మెల్లగా కిందికి జారింది, సరిగ్గా ఆయన భుజం జారినంత. చేతిలో లేని తాళాల గుత్తిని వేళ్ళు తిప్పాయి. తను ఏం చేస్తున్నాడో వాడికి తెలిసినట్టు కూడా లేదు.

ఆమె వాడి చొక్కా కాలరు పట్టుకుని గుమ్మం దాటించి, మెట్ల మీదికి ఒక్క తోపు తోసింది. వాడు తూలి గోడ పట్టుకుని, “ఏమైంది? నేనేం చేశాను?” అన్నాడు. నిజంగానే వాడికి అర్థం కాలేదు.

తండ్రి గ్లాసుతో వచ్చి ఖాళీ గుమ్మం చూశాడు. “వెళ్ళిపోయాడా? పాపం, నీళ్ళయినా తాగలేదు. ఎవరా అబ్బాయి?”

“ఎవరూ కాదు నాన్నా” అని ఆమె గ్లాసు అందుకుని తాగేసింది. వాడి కాలరు పట్టుకున్న చేతిని చాలాసేపు సబ్బుతో రుద్ది కడుక్కుంది.