దెబ్బ తెలియని చేతులు

రేకుల మీద వాన.

పిడికెడేసి గులకరాళ్ళు విసిరినట్టు... ఆగి, మళ్ళీ.

ఆ చప్పుడు కింద, బరి పక్కన, నాన్న కళ్ళు మూసుకుని నిలబడ్డాడు. మోచేతులు దాటి తీగల తొడుగులు. నాన్న చెయ్యెత్తితే బరిలో ఇనుప మనిషి చెయ్యెత్తుతాడు. వాడికి దెబ్బ తగిలితే నాన్న చేతికి తెలుస్తుంది.

వాణ్ణి నాన్న 'పెద్దోడు' అంటాడు. లేతు మిషను మీద ఒక్కో కీలూ తనే చెక్కి నిలబెట్టాడు మరి. "నేను కన్నది దీన్నొక్కదాన్నే, వీడెప్పుడు పుట్టాడు మహానుభావా?" అని కూతుర్ని చూపించి దెప్పుతూనే అమ్మ వాడి భుజాలు తుడుస్తుంది.

నాన్న ఎప్పుడూ కళ్ళు మూసుకునే ఆడతాడు. కన్ను మోసం చేస్తుంది, చెయ్యి చెయ్యదు — ఆయన మాట.

కూతురికి భయం.

డాక్టరు చెప్పినప్పటి నుంచీ భయం. నాన్న గుండె ఇక అదుర్లు తట్టుకోదట. ఆడొద్దంటే నాన్న వింటేగా! అందుకే పొద్దున, ఆటప్పుడు తన ఒళ్ళో ఉండే తీగల పెట్టె మీద, నాన్న చేతికి దెబ్బ ఎంత తెలియాలో నిర్ణయించే మీటను బాగా కిందికి దించేసింది.

ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు అవతలి యంత్రం గుద్దుతోంది. గుద్దు గుద్దుకీ బరి అదురుతోంది. నాన్న నవ్వుతున్నాడు.

"చూశావా అమ్మా! ఇవాళ మనోణ్ణి ఎవడూ గట్టిగా తాకలేకపోతున్నాడు."

పక్కకు తప్పించవలసినచోట పెద్దోణ్ణి ముందుకు నడుపుతున్నాడు. ఇంకా ముందుకు...

పెద్దోడి ఎడమ మోచెయ్యి వేలాడుతోంది. నూనె కారుతోంది. నాన్నకు తెలియదు. ఆ చేత్తోనే గుద్దబోతున్నాడు.

ఓడినవాణ్ణి గెలిచినవాళ్ళు పట్టుకుపోయి ముక్కలు చేసుకుంటారు. అది ఈ ఆట కట్టుబాటు.

చెప్తే నాన్న దక్కడు. చెప్పకపోతే పెద్దోడు. ముందు నుయ్యి, వెనక గొయ్యి...

విరామం గంట మోగింది.

"నాన్నా... కళ్ళు తెరువు."

తెరిచాడు. వేలాడుతున్న చేతిని చూశాడు. ఆమె ఒళ్ళో పెట్టెను చూశాడు. దించి ఉన్న మీటను చూశాడు. తిడతాడనుకుంది. తిట్టినా బాగుండేది.

"దెబ్బలన్నీ వాడొక్కడికే వదిలేశావా, తల్లీ?"

"నీ గుండె నాన్నా... ఆపేద్దాం. నాకు భయమేస్తోంది."

"నాకు మాత్రం వెయ్యట్లేదా?" ఆయన పెద్దోడి వైపు చూశాడు. "ఆపితే వాణ్ణి ఇక్కడే వదిలేసి పోవాలి. మీట పైకి తొయ్యమ్మా."

మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

తోసింది. వేలు మాత్రం దాని మీద నుంచి తియ్యలేదు.

నాన్న ఎడమ మోచెయ్యి చటుక్కున ముడుచుకుంది. "అబ్బా... ఇంత దెబ్బ తిన్నావట్రా!" అన్నాడు, బరి వైపు తిరిగి, మెల్లగా.

గంట. అవతలి పిడికిలి లేచింది.

రేకుల మీద వాన... ఆగింది.

మళ్ళీ మొదలయ్యేలోగా, నాన్న ఊపిరి వినపడుతుందేమోనని ఆమె చెవులు రిక్కించింది.