కట్ చెప్పేవాళ్ళు లేని చోట

బసవపున్నయ్యగారిని మెట్ల మీద చంపారు. నా కళ్ళతో చూశాను.

ముప్పయ్యేళ్ళు సినిమాల్లో గుర్రాల మీంచి పడ్డ ఫైటర్ ఆయన. పక్షవాతంతో నాలుగేళ్ళుగా మంచంలోనే ఉన్నాడు. ముసలివాళ్ళు బతికే ఉన్నామని పింఛను ఆఫీసుకొచ్చి ముఖం చూపించాలట, లేకపోతే పేరు కొట్టేస్తారట. ఆఫీసేమో రెండో అంతస్తులో. కూతురు నీలమ్మ తండ్రిని చీరతో వీపుకు కట్టుకుని ఎక్కింది. గుమస్తా త్రినాథరావు ఫోను కెమెరా పట్టాడు. పాత ఫోటోతో కలవలేదని, వంకరపోయిన ఆ మూతిని ఫోను ఒప్పుకోలేదు.

"రేపు తీసుకురామ్మా."

"సారూ, జర ఇంకోపారి చూడుండ్రి. మళ్ల ఎక్కిస్తే పాణం పోతది నాయనకు."

"గార్డ్! వీళ్ళని దించు."

గార్డు నీలమ్మ జబ్బ పట్టి ఈడ్చాడు. ముడి జారింది. పదకొండు మెట్లు. ప్రతి మెట్టుకూ ఆ తల తగిలింది.

నా పేరు శ్యామల, సినిమాల్లో గుంపు వేషాలు వేస్తాను, చదివింది ఏడో తరగతి. ఏది చూసినా ముందు చెడే తోస్తుంది నాకు. కూతురు ప్రణతి కాలేజీ నుంచి పావుగంట ఆలస్యమైతే ఆస్పత్రులన్నీ కళ్ళముందు తిరుగుతాయి. మా అమ్మ రాజమ్మ కూడా మంచంలోనే ఉంది. శుక్రవారం ఆమె వంతు. అవే మెట్లు.

ఆయన దినం కాకముందే, పొద్దున్నే క్రౌడ్ వేషాలకు బండి ఎక్కే కృష్ణానగర్ సందులో అందరం కూడాం. ఇంట్లో మంచంపట్టిన ముసలివాళ్ళు లేనిది ఎవరికి? ప్రణతి ఒక కాగితం తెచ్చింది. పింఛనుకు సర్కారు రాసుకున్న ఆర్డరు. తొమ్మిదో పేరా గట్టిగా చదివింది.

"మంచంపట్టినవారిని ఆఫీసుకు రప్పించరాదు. సిబ్బందే ఇంటికి వెళ్ళి నిర్ధారించాలి. పని కాకపోతే, చూసుకుంటున్న కుటుంబసభ్యులకు కారణం రాసి ఇవ్వాలి."

నీలమ్మ అంది: "అంటే... మా నాయన ఆ మెట్లు ఎక్కేదే లేకుండెనా?"

బాలాత్రిపురసుందరి మాలో పెద్దావిడ. "గొడవపడితే ఉన్నదీ ఊడుతుందే. వాళ్ళు దయతలచి ఇస్తున్నారు" అంది.

"దయే అయితే రూలు ఎందుకు రాసుకున్నారు పెద్దమ్మా?" అంది ప్రణతి.

"నోర్ముయ్యవే" అన్నాను.

వెనక నుంచి ఎవరో అన్నారు: "వాళ్ళ సినిమాల్ల గొంతు పోయేటట్టు ఒర్రినం. ఒక్కపారి మనకోసం ఒర్రలేమా?"

"షూటింగుల ఇచ్చినట్టు పెరుగన్నం పాకెట్ ఇస్తరా మరి?" అంది ఇంకొకామె.

ఆ ఏడుపులోనే నవ్వులు. శుక్రవారం ముసలివాళ్ళను ఇళ్ళలోనే ఉంచి అరవైమందిమి వెళ్ళాం. మెట్ల కింద నిలబడ్డాం.

"మేం ఎక్కం! మీరే దిగండి!"

త్రినాథరావు కిటికీలోంచి చూసి తలుపు వేసుకున్నాడు. పోలీసు వ్యాను వచ్చింది. ప్రణతి కాగితం చూపిస్తే ఎస్సై చించేశాడు.

"ఏంది, షూటింగ్ అనుకున్నరా? జరుగుండ్రి!"

లాఠీ లేచింది. అక్కడే మేము తప్పుచేశాం. సినిమాల్లో ఎన్ని లాఠీచార్జీలు చెయ్యలేదు? మాకు నేర్పింది ఒకటే: కర్ర తగలకముందే పడిపోవాలి, కట్ వినబడేదాకా కదలకూడదు. వేషాలు వేసేవాళ్ళమంతా టపటపా పడిపోయాం. ఇవి రబ్బరు కర్రలు కావు. పడ్డవాళ్ళ మీదే కొట్టారు. నా పక్కన బాలాత్రిపురసుందరి ముంజేయి విరిగింది. ఆ చప్పుడు విన్నాను. కళ్ళు మూసుకుని అలాగే పడుండి అడిగింది:

"ఇంకా కట్ చెప్పరేంటే శ్యామలా?"

నిలబడింది ప్రణతి ఒక్కతే. దానికి వేషాలు తెలియవు. ముగ్గురు పోలీసులు దాని చుట్టూ చేరారు. నెత్తురు కంటిమీదికి కారుతోంది.

"పడిపోవే! నీ కాళ్ళు మొక్కుతాను, పడిపోవే తల్లీ!"

"నువ్వు లే అమ్మా! ఇక్కడ కట్ చెప్పేవాడు లేడు!"

ఇన్నేళ్ళూ నేను దేనికి భయపడ్డానో అది నా ఎదురుగా జరుగుతోంది. ఇక భయపడటానికి ఏం మిగిలింది? లేచాను. దాని తలమీద పడబోయే లాఠీని రెండు చేతులతో పట్టుకున్నాను. వేళ్ళు నలిగాయి. వదల్లేదు. నీలమ్మ లేచింది. విరిగిన చెయ్యి ఒడిలో పట్టుకుని పెద్దావిడ లేచింది. అందరం లేచాం. లాఠీలు గుంజి రోడ్డుమీదికి విసిరాం. గార్డు పారిపోబోతే నీలమ్మ కాలరు పట్టి మొదటి మెట్టుకు వాడి ముఖం గుద్దింది.

"లెక్కపెట్టురా! మా నాయనవి పదకొండు!"

రెండో మెట్టు దగ్గర మేమే ఆపాం.

ఆలోగా ప్రణతిని జుట్టుపట్టి వ్యానులోకి ఈడ్చారు. పోలీసులంతా ఎక్కాక వ్యాను వెళ్ళిపోయింది. నేను వెనక పరిగెత్తి పడ్డాను. నన్ను లేపినవాళ్ళు మళ్ళీ మెట్ల దగ్గరికే నడిపించారు. మెట్ల కమ్మీ మీద మా అందరి చేతులూ దబదబా పడ్డాయి.

త్రినాథరావు ఫోను పట్టుకుని దిగాడు. చొక్కా చెమటకు తడిసిపోయింది.

"ఎక్కడికి రావాలండీ?"

పది రోజుల్లో మాకు దక్కిన మొదటి 'అండీ'.

"కృష్ణానగర్. మా అమ్మ మంచం దగ్గరికి."

వచ్చాడు. మంచం పక్కన నేలమీద కూర్చుని ముఖం ఫోటో తీసుకున్నాడు. మిగతా ఇళ్ళూ తిరిగి, కెమెరా ఒప్పుకోని ముగ్గురి ఇంటివాళ్ళకీ కారణం రాసి సంతకం పెట్టాడు. మా అమ్మ కళ్ళతో వెతుక్కుంటూ అడిగింది: "పిల్ల ఏదే?"

మర్నాడు పొద్దున ముసలివాళ్ళ మంచాలన్నీ మా వరండాలో చేర్చాం. చూసుకోవడానికి నలుగురిని ఉంచాం. మిగిలినవాళ్ళం సందు చివరికి వచ్చేసరికి షూటింగ్ బండి ఆగి ఉంది, ఏజెంటు అరుస్తున్నాడు.

"ఎక్కండ్రి ఎక్కండ్రి! పోలీస్ స్టేషన్ సీను, యాభైమంది ఆడోళ్ళు కావాలె!"

నీలమ్మ కొంగు నడుముకు బిగించింది.

"అసలు స్టేషన్‌కే పోతున్నం అన్నా. నీ బండి వద్దు."