మూడువందల లెన్సు

లేకపోతే వేలే ఆలస్యం చేసిందేమో. వేలికి సొంత బుద్ధి ఉంటుందా? నొక్కమని తను చెప్పాడు, మొదటి దెబ్బ పడకముందే చెప్పాడు. కానీ కెమెరా తీగ చివరి మీట మీద బొటనవేలు అలాగే ఉండిపోయింది. మూడు దెబ్బలు పడేదాకా ఉండిపోయింది. అన్న పక్కకు జరిగి, కెమెరా అద్దంలోంచి మాయమయ్యాక నొక్కింది. అదీ ఒక్కసారే. భయంతో కొయ్యబారిందా? లేక అన్న తప్పుకునేదాకా కావాలనే ఆగిందా?

జీపు గతుకులో పడి లేచింది.

"ఏందిరా, నోట్లనే గొణుక్కుంటున్నవు?" స్టీరింగు మీంచి కళ్లు తిప్పకుండానే అడిగాడు అన్న వెంకటేశ్వర్‌రావు.

"ఏం లేదన్నా," అన్నాడు లింగారావు.

"జర మంచిగ కూసో. ఠాణల గిట్ల పీనుగు లెక్క కూసుంటే వాడేమనుకుంటడు? చూసిన, తీసిన, దస్కత్ పెట్టిన. మూడు ముక్కలు. గంతే."

బోథ్ ఊరు దాటారు. రెండు పక్కలా పత్తి చేలలో ఏరేవాళ్లు వంగి ఉన్నారు. జీపు చప్పుడు విని నడుములు ఎత్తారు, అది ఎవరి జీపో చూసి మళ్లీ వంగారు. గతుకు వచ్చినప్పుడల్లా వెనక సీటు కింద జాకీ రాడ్డు రేకుకు తగిలి ఖణేలుమంటోంది. దాన్ని కడిగి, ఎప్పుడూ ఉండే చోటే పెట్టారు.

ఆ రాడ్డుతోనే నాలుగు రోజుల కిందట అన్న దశరథాన్ని చంపాడు. చంపుతుంటే లింగారావు చూశాడు. ఠాణాలో మాత్రం పక్క చేని భూమన్న ఉన్నాడు, లింగారావు తీసిన ఫొటో కారణంగా.

లింగారావుకు నలభై రెండేళ్లు. ఆదిలాబాద్‌లో అన్న నడిపే జిన్నింగు మిల్లు మీది గదిలో ఒంటరిగా ఉంటాడు. కిటికీ మూసినా దూది నూగు లోపలికి వస్తుంది. రోజూ పొద్దున రబ్బరు బుడ్డితో లెన్సుల మీది నూగు ఊదడం అతని మొదటి పని. రష్యా కెమెరా ఒకటి, దానితో వచ్చిన యాభై మిల్లీమీటర్ల లెన్సు ఒకటి, తరువాత హైదరాబాదులో కొన్న మూడువందల లెన్సు ఒకటి. ఈ చివరిది ముంజేతంత పొడుగు. దుకాణం ముసలాయన దాన్ని అమ్ముతూనే వద్దన్నాడు. "పిట్టలకైతే తీసుకోండి సాబ్. మనుషులకైతే గీ యాభై చాలు. నాలుగడుగులు ముందుకు నడిస్తే గదే దగ్గరైతది."

ఆ నాలుగడుగులు నడవడమే లింగారావుకు చేతకాని పని. దగ్గరికి పోతే ఎదుటివాడు తిరిగి చూస్తాడు, ఏదో అడుగుతాడు, ముఖంలో ఏదో వెతుకుతాడు. దూరం నుంచి అయితే ఆ బాధ లేదు. పిట్టలూ మబ్బులూ ఏమీ అడగవు. అందుకే ఆ లెన్సు కొన్నాడు. ధైర్యం లేకపోవడానికి ఇంత బరువైన వస్తువు మోయాల్సి వస్తుందని అప్పుడు తెలియలేదు.

నాలుగు రోజుల కిందటి ఆ పొద్దున తమ ఊరి బయటి గుట్ట మీద స్టాండు నిలిపాడు. గాలికి కదలకుండా దాని నడుముకు రాళ్లు నింపిన సంచీ వేలాడదీశాడు. వానలు వెలిసి ఆకాశం తేటపడిన రోజులు. ఎదుటి మిట్ట మీద తెల్లటి మబ్బులు మూటల్లా లేస్తున్నాయి. లెన్సుకు ఎర్ర ఫిల్టరు తొడిగాడు. నలుపు తెలుపు ఫిల్ము మీద అది నీలాన్ని నల్లగా చేస్తుంది, మబ్బుల్ని బయటికి లాగుతుంది. వెలుతురును మాత్రం మింగేస్తుంది. షట్టరు నెమ్మది చేయాలి, చెయ్యి తగలకుండా తీగ మీటతో నొక్కాలి.

మిట్ట మీద బంజరును దశరథం దున్నుతున్నాడు. నాగలి వెనక పురుగుల కోసం కొంగలు. నల్ల ఆకాశం, తెల్ల మబ్బులు, తెల్ల కొంగలు. బొమ్మ కుదిరింది. ఆ బంజరు తనదని అన్న అంటాడనీ, సర్కారుదని దశరథం అంటాడనీ లింగారావుకు తెలుసు. కానీ అద్దంలో చూస్తున్నప్పుడు అది ఎవరి భూమీ కాదు.

జీపు ఎడమ నుంచి వచ్చి అద్దం అంచుకు అవతల ఆగింది. అన్న లోపలికి నడిచి వచ్చాడు. చేతిలో రాడ్డు. దశరథం నాగలి వదలకుండానే తల తిప్పి ఏదో అన్నాడు. రాడ్డు లేచి దిగింది. కొంగలన్నీ ఒక్కసారి లేచాయి. తరువాత, పుల్ల విరిగినట్టు, చప్పుడు వచ్చింది. రెండు వందల గజాలు. దెబ్బకూ చప్పుడుకూ మధ్య ఒక ఖాళీ. రెండో దెబ్బ తలమీద పడింది, మళ్లీ ఖాళీ, మళ్లీ చప్పుడు. మూడోది పడిపోయినవాడి మీద. దశరథం చెయ్యి ఒకటి పైకి లేచి, దేన్నో పట్టుకోబోయినట్టు వేళ్లు తెరిచి, మట్టిలో పడింది. ఎద్దులు ఆగలేదు. పట్టుకున్నవాడు లేడని వాటికి తెలియదు. నాగలిని అడ్డదిడ్డంగా ఈడ్చుకుంటూ ఇంకో పది బారలు నడిచాయి.

అప్పుడు లింగారావుకు కలిగింది భయం కాదు. భయం తరువాత వచ్చింది. అప్పుడు కలిగింది ఒక రకమైన తీపి. చూస్తున్నాననీ, తననెవరూ చూడడం లేదనీ.

అన్న ఎడమకు నడిచి అద్దంలోంచి పోయాడు. అదే క్షణంలో వెనక చేనిలోంచి భూమన్న పరుగెత్తుకొచ్చాడు. కంచెకు ముళ్లు కొడుతున్నవాడు గొడ్డలి చేతిలో ఉండగానే వచ్చాడు. రెండు చేతులూ ఎత్తి అరుస్తున్నాడు. వేలు నొక్కింది.

దూరం లెన్సు దూరాన్ని చూపించదు, అణిచేస్తుంది. ముందుదాన్నీ వెనకదాన్నీ ఒకే పలకకు అంటిస్తుంది. నలభై గజాల వెనకున్న భూమన్న కాగితం మీదికి వచ్చేసరికి శవం నెత్తిన గొడ్డలి ఎత్తి నిలబడ్డాడు. ఎర్ర ఫిల్టరు ఇంకో పని కూడా చేసింది. దశరథం బనీను మీది నెత్తురును తుడిచేసింది. ఎరుపు ఆ అద్దంలోంచి తెల్లగా పడుతుంది. ఫొటోలో బనీను ఉతికినట్టుంది.

మర్నాడు దాన్ని గదిలో తీగకు ఆరేశాడు. ఎందుకు కడిగాడో, ఎందుకు పెద్దది చేశాడో తెలియదు. అన్న పైకొచ్చి చూశాడు.

"నువ్వు గుట్ట మీద ఉన్నవారా?"

అన్న ఫొటోకు ముఖం ఆనించి చాలాసేపు చూశాడు. పాలిపోయిన ముఖంలోకి నెత్తురు మళ్లీ వచ్చింది. తరువాత నవ్వాడు.

"నేను లేనుగదరా గిండ్ల. భూమిగాడున్నడు." తీగ మీంచి ఫొటో లాగాడు. "నా తమ్మునివి అనిపించుకున్నవురా."

నెగిటివు కూడా ఇమ్మని చెయ్యి చాపాడు. లింగారావు ఇచ్చాడు. అడగ్గానే ఇచ్చాడు.

ఠాణా ముందు జీపు ఆగింది. భూమన్న భార్య దేవవ్వ అరుగు కింద నిలబడి ఉంది. చేతిలో జొన్న గటుక గిన్నె, మీద గుడ్డ కప్పి ఉంది. లింగారావును చూసి ఎదురొచ్చింది.

"చిన్నదొరా, నువ్వే తీసినవట గదా ఫొటువ."

అతను నేలచూపులు చూశాడు.

"గింత పొడుగు గొట్టం వెట్టి చూసినవు. నీకు నా పెనిమిటి ఒక్కడే కండ్లవడ్డడా?"

"ఏయ్, జరుగు," అన్నాడు వెంకటేశ్వర్‌రావు. "పొద్దుగాల్నే తల తినకు."

"జరుగుత దొరా. జరిగి జరిగి గోడకానిన. ఇంకేడికి జరుగాలె?"

లోపల్నుంచి ఒక చప్పుడు వచ్చింది. కర్ర అరికాలి మీద పడే చప్పుడు. దాని వెంటనే అరుపు. ఇక్కడ మధ్యలో ఖాళీ లేదు. దేవవ్వ గిన్నెను రొమ్ముకు హత్తుకుంది.

సబ్‌ఇన్‌స్పెక్టరు కోస్తా మనిషి, మర్యాదస్తుడు. "రండి రావుగారూ, కూర్చోండి. టీ చెప్పాను." వెనక గది వైపు తిరిగి, "ఒరేయ్, కాసేపు ఆపండిరా. పెద్దమనుషులొచ్చారు," అన్నాడు.

బల్ల మీద తెల్ల కాగితాలు, వాటి మీద ఫొటో.

"మీరు మామూలు ఆర్టిస్టు కాదండీ. ఆ మబ్బులు చూడండి, ఎలా వచ్చాయో! మా అమ్మాయి పెళ్లికి మిమ్మల్నే పిలవాలి."

"మావోడు పెండ్లిళ్లు తియ్యడు సార్," అన్నాడు వెంకటేశ్వర్‌రావు సాసర్లోకి టీ వంచుకుంటూ. "మనుషులంటే వానికి పడది. ఆఖరికి వాడే పెండ్లి చేసుకోలే."

ఇద్దరూ నవ్వారు. సబ్‌ఇన్‌స్పెక్టరు ఫొటోను వెనక్కి తిప్పి కలం ముందుకు తోశాడు. "వెనకాల రాయండి. నేను చూసింది, తీసింది ఇదేనని. సంతకం, తేదీ. ఇక వాడికి ఉరో, యావజ్జీవమో కోర్టు చూసుకుంటుంది."

లింగారావు కలం తీసుకోలేదు. "భూమన్న గింత దగ్గర లేడు సార్," అన్నాడు. "ఇది దూరం లెన్సు. రైలు పట్టాల పక్క స్తంభాలు తీస్తే ఒకదానికొకటి ఆనుకున్నట్టు వస్తయి. మధ్యల ఎంత జాగ ఉన్నా కనబడది. ఆయన నలభై గజాలు వెనక ఉన్నడు. ఉరికొస్తున్నడు."

"ఫొటోలో పక్కనే ఉన్నాడు కదండీ."

"ఫొటోల ఉన్నడు."

"సరే. వాడు కాదంటారు." సబ్‌ఇన్‌స్పెక్టరు కుర్చీలో వెనక్కి వాలాడు. "మరి కొట్టిందెవరు? మీరు చూశారా?"

వెంకటేశ్వర్‌రావు సాసరు కింద పెట్టాడు. చెయ్యి చాపి తమ్ముడి మెడ వెనక వేశాడు, ముద్దుగా పట్టుకున్నట్టు. బొటనవేలు ఎముక పక్కన దిగింది. ఆ చెయ్యి లింగారావుకు తెలుసు. ఎనిమిదేళ్లప్పుడు ఈత నేర్పిస్తానని మోటబావిలో ఇలాగే మెడ పట్టి ముంచేది. ఊపిరి ఆగి కళ్లల్లో పసుపు పచ్చని చుక్కలు తిరిగేదాకా ముంచి, పైకి లేపేది. "భయపడ్డవా?" అని అన్న అడిగేవాడు. లేదంటే మళ్లీ ముంచేది. అవునన్నా ముంచేది. సరైన జవాబు ఏదో ముప్పై నాలుగేళ్లుగా తెలియలేదు.

"చెప్పురా, సార్ అడుగుతుండు," అన్నాడు అన్న.

"నేను నొక్కినప్పుడు..." లింగారావు ఆగాడు. "నేను నొక్కినప్పుడు ఎవరున్నరో వాళ్లే ఉన్నరు."

మెడ మీది వేలు వదులైంది. నిజమే చెప్పాడు. ఒక్క మాట కూడా అబద్ధం కాదు. కెమెరా కూడా అలాగే చెప్పింది, ఒక్క గీత కూడా అబద్ధం కాదు.

"వాణ్ణి కూడా తీసుకురండిరా, వీరి ముందే అడుగుదాం," అన్నాడు సబ్‌ఇన్‌స్పెక్టరు.

ఇద్దరు జవాన్లు భూమన్నను చంకల కింద చేతులు వేసి మోసుకొచ్చారు. ఆరడుగుల మనిషి పాదాలు నేలకు ఆనించలేక మోకాళ్ల మీద కూలబడ్డాడు. అరికాళ్లు పగిలి, ఉబ్బి, మనిషివి కానట్టున్నాయి. పెదవి చీలి పన్ను కనబడుతోంది. అతని నుంచి నెత్తురు, ఉచ్చ కలిసిన వాసన కొట్టింది. లింగారావు ఇంత దగ్గరగా అతని ముఖం ఎన్నడూ చూడలేదు. ఎడమ కన్ను మూసుకుపోయింది. కుడి కన్ను తననే చూస్తోంది. వెనక్కి జరగడానికి కుర్చీలో చోటు లేదు.

"చూడరా, ఇది నువ్వు కాదూ?" సబ్‌ఇన్‌స్పెక్టరు ఫొటోను అతని ముఖం ముందు పట్టాడు.

భూమన్న ఒక్క కంటితో చాలాసేపు చూశాడు. అతను ఫొటోలో తన్ను తాను చూసుకోవడం అదే మొదటిసారి కావచ్చు.

"నేనే," అన్నాడు. తరువాత లింగారావుతో, మెల్లగా, తప్పు దిద్దుతున్నట్టు అన్నాడు. "నేను గంత దగ్గరుంటే వాడు సచ్చేటోడే కాదు దొరా."

జవాను బూటుతో డొక్కలో తన్నాడు. భూమన్న పక్కకు ఒరిగాడు. కన్ను మాత్రం ఒరగలేదు.

"మాటలు నేర్చిండ్రు లంజకొడుకులు," అన్నాడు వెంకటేశ్వర్‌రావు. "పెట్టురా దస్కత్, పోదాం. మిల్లుల పత్తి బండ్లు వచ్చి ఉంటయి."

లింగారావు కలం తీసుకున్నాడు. ఫొటో వెనక్కి తిప్పి ఉంది. దాన్ని మళ్లీ బొమ్మ పైకి వచ్చేలా తిప్పాడు. కింది తెల్ల కాగితం మీద తిన్నగా సర్దాడు, నాలుగు వైపులా కాగితం మిగిలేటట్టు. మెడ వెనక అన్న చెయ్యి మళ్లీ బిగుసుకుంటోంది. ఫొటో ఎడమ అంచు మీద, అన్న తప్పుకున్న వైపు, చూపుడు వేలు పెట్టాడు. అక్కణ్ణుంచి బయటికి, బొమ్మ లేని తెలుపులోకి, రెండు వేళ్ల వెడల్పు కొలిచాడు. ఆ చోట బొమ్మలోని మనిషంత ఎత్తు గీత ఒకటి నిలువుగా గీశాడు.

గీత కింద అన్న పేరు పూర్తిగా రాశాడు.